చక్రానికి రాసిన పసుపు

నేను మోటార్ సైకిల్ నడుపుతానని చెబితే అవతలివాళ్ళు ముందు నా జుట్టులో తెలుపు చూస్తారు. తరవాత నా వెనక మగవాడెవరైనా నిలబడ్డాడేమోనని చూస్తారు. యాభై దాటిన ఆడది స్కూటీ నడిపితే పాపం కూరగాయలకి వెళుతోందనుకుంటారు. కారు నడిపితే కలిగినవాళ్ళనుకుంటారు. మోటార్ సైకిల్ నడిపితే మాత్రం ఇంట్లో ఏదో గొడవుందనుకుంటారు. మా ఇంట్లో గొడవ ఉన్నమాట నిజమే. ఆ బండి గురించే.

మేం ఉండేది నోయిడాలో. నేను పనిచేసేది ముఖర్జీ నగర్‌లో, సివిల్స్‌కి తెలుగు సాహిత్యం తీసుకున్న పిల్లలకి ఒక బేస్‌మెంట్ గదిలో పాఠం చెబుతాను. మెట్రోలో వెళ్ళొచ్చుగా అంటారు మా ఆయన. వెళ్ళొచ్చు. రైళ్ళు మారి, మెట్లెక్కి దిగి, చివర్లో ఈ-రిక్షాలో ఇంకొకళ్ళ మోకాళ్ళ మధ్య ఇరుక్కుని వెళ్ళొచ్చు. బండి మీదయితే యమున దాటి రింగ్ రోడ్డు ఎక్కానంటే నా దారి నాది. సౌకర్యం కోసమని అబద్ధం చెప్పను. నాకు ఇష్టం. ఆడది ఇష్టమని చెబితే ఎవరికీ సరిపోదు, దానికో కారణం కూడా చూపించమంటారు. నా దగ్గర లేదు.

ఆ చలికాలం బండి వెనకనుంచి ఒక మూలుగు మొదలైంది. వేగం పెంచితే పెరిగేది, తగ్గిస్తే తగ్గేది. పప్పులో రాయి పడ్డ గ్రైండరు చేసే చప్పుడులాంటిది. మా ఆయనకి చెప్పాను.

“చైనుకి నూనె వెయ్యి,” అన్నారు టీవీ మీంచి చూపు తియ్యకుండా.

“వేశాను.”

“అయితే రోడ్డు చప్పుడు.”

ఆయన ఆఫీసు క్యాబులో వెళ్ళి ఆఫీసు క్యాబులో వస్తారు. రోడ్డుతో ఆయనకున్న పరిచయమంతా కిటికీ అద్దంలోంచే. అయినా రోడ్డు సంగతి ఆయనకే తెలుసు.

ఆ వారంలోనే రింగ్ రోడ్డు మలుపులో బండి వెనకభాగం నా మాట వినకుండా పక్కకి జరిగింది. పడలేదు. పక్కనుంచి బస్సు పోయింది, దాని వేడి నా మోకాలికి తగిలింది. బండిని అంచుకి తీసి, సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఊపాను. కటకటా ఆడింది. చక్రం తిరగాలి గాని అటూ ఇటూ ఊగకూడదు. చక్రం మధ్యలో, ఇరుసు చుట్టూ ఉండే బేరింగ్ పాడైతే అలా ఊగుతుంది. ఇది తెలియడానికి ఇంజనీరు కానక్కర్లేదు, వదులైన సీలింగ్ ఫ్యాను కింద ఒక వేసవి పడుకుంటే చాలు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అన్నం కలుపుతూ మెల్లిగా మొదలుపెట్టారు.

“కొని రెండేళ్ళయినా కాని బండికి చక్రం ఊగడమేమిటి. అమ్మేద్దాం.”

“వారంటీ ఉంది. వాళ్ళే మారుస్తారు.”

“తప్పు తమదని ఒప్పుకుని మారిస్తే సరే. నీ వాడకం వల్ల పోయిందన్నారనుకో, మరి నా మాట వింటావా?”

“వింటాను,” అన్నాను.

నోరు జారి అనలేదు. బండిని నేనెలా చూసుకుంటానో నాకు తెలుసు కాబట్టి అన్నాను. బండిని వాళ్ళు ఎలా చూస్తారో నాకు తెలియదు, అంతే.

సర్వీస్ సెంటరు వాళ్ళు వ్యాను పంపి బండిని ఎత్తుకుపోయారు. మర్నాడు ఫోను వచ్చింది. నాకు కాదు, మా ఆయనకి. బండి నా పేరు మీద ఉంది, ఇచ్చిన నంబరు నాది, ఆయనది ఎందుకైనా మంచిదని ఇచ్చిన రెండో నంబరు. వాళ్ళకి అదే మొదటిదిగా కనిపించింది.

“వారంటీ రాదట,” అన్నారు ఆయన సాయంత్రం షూలు విప్పుతూ. “బయట మెకానిక్కు ఎవడో చక్రం విప్పాడట. ఆధారం ఉందన్నాడు.”

“ఎవరూ విప్పలేదు.”

“అబద్ధం చెప్పడానికి వాళ్ళకేం పని?”

“నాకేం పని?”

ఆయన రెండో షూ లేసు పట్టుకున్నారు. “మరి మీరేమన్నారు వాడితో?” అని అడిగాను.

“ఏమంటాను. ఠీక్ హై అన్నాను.”

బండిని చూడకుండా, నన్ను అడక్కుండా, ఠీక్ హై. ఆ తరవాత తెలిసింది, ఆయన ఆఫీసులో ఒకరి బావమరిదికి సెకండ్ హ్యాండ్ బండి కావాలట. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడన్నమాట.

పొద్దున్నే సర్వీస్ సెంటరుకి వెళ్ళాను. సూపర్‌వైజరు మర్యాదస్తుడు, మెడదాకా జిప్పు లాగిన జాకెట్టు, చేతిలో టీ గ్లాసు. మా మాటలన్నీ హిందీలోనే. నా హిందీ గుంటూరు జిల్లాలో పుట్టింది గాని పోట్లాటకి సరిపోతుంది.

“భాయ్‌సాబ్‌కి అన్నీ చెప్పాను కదా, ఆంటీ జీ.”

“భాయ్‌సాబ్‌కి ఈ బండికి బ్రేకు ఎక్కడుంటుందో తెలియదు. నాకు చెప్పండి. నేను మీ ఆంటీని కాను, మీ కస్టమర్ని.”

“సారీ మేడమ్ జీ. రండి.”

లోపలికి తీసుకెళ్ళాడు. వెనక చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టారు. బేరింగ్ మీదుండే రబ్బరు మూత చుట్టూ, ఇరుసు దూరే చోట, మెత్తటి పసుప్పచ్చ పదార్థం దుమ్ము పట్టి పేరుకుని ఉంది. దాన్ని పెన్నుతో చూపించాడు.

“ఇదిగో చూడండి. మా కంపెనీ గ్రీజు ముదురు రంగు. ఇది బయట డబ్బాల్లో అమ్మే పచ్చ గ్రీజు. అంటే చక్రం బయట విప్పారు. బయట విప్పితే వారంటీ ఖతమ్.”

వంగి చూశాను. నవ్వొచ్చింది. ఆ నవ్వు అతనికి నచ్చలేదు.

దసరాకి మా క్లాసు పిల్లలు ఆయుధపూజ చేశారు. వాళ్ళ ఆయుధాలేముంటాయి, పుస్తకాలూ పెన్నులూ. కాని పూజన్నాక ఒక బండైనా లేకపోతే వాళ్ళకి పండగలా అనిపించలేదు. ఆ అద్దెగదుల్లో ఎవరికీ బండి లేదు, నాకుంది. బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబెట్టి తుడిచారు, బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. క్లాసులో అందరికంటే పెద్దది, శ్రీకాకుళం అమ్మాయి, పసుపు గిన్నె తెచ్చింది. కిందటేడు నీళ్ళతో కలిపి రాస్తే నేను ఇంటికి చేరేలోపు ఎండి రాలిపోయిందని ఈసారి తలకి రాసుకునే కొబ్బరినూనెతో కలిపింది. “నిలవాలి కదా మేడమ్,” అంది. గడపకి రాసినట్టు చక్రాల నడిమధ్య దట్టంగా రాసి కుంకుమ బొట్లు పెట్టింది.

నిలిచింది. దసరా రోజుల్లో ఢిల్లీలో కొబ్బరినూనె నూనెలాగే ఉంటుంది. చలి ముదిరాక సీసాలో కొవ్వొత్తిలా గడ్డకట్టి, వేణ్ణీళ్ళలో పెడితేగాని బయటికి రాదు. చక్రం మీదా అదే జరిగింది. బొట్లు పోయాయి, పసుపు మిగిలింది. పచ్చగా, మెత్తగా, చూడ్డానికి అచ్చం గ్రీజు.

“ఇది హల్దీ,” అన్నాను.

“హల్దీ. కూరలో వేసే హల్దీ?”

“కూరలో వేసేదే. పూజ చేశాం.”

“పూజ మేమూ చేస్తాం మేడమ్ జీ. కొత్త బండి ఇచ్చేటప్పుడు లైటు మీద స్వస్తిక్ వేసి, హ్యాండిల్‌కి ఎర్రదారం కడతాం. చక్రానికి హల్దీ ఎవరు రాస్తారు?”

“మేం రాస్తాం.”

“ఇన్నేళ్ళ సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు.”

“ఇన్నేళ్ళ సర్వీసులో సొంత మోటార్ సైకిల్ తెచ్చుకున్న నా వయసు ఆడదాన్ని చూశారా?”

“లేదు.”

“చూడలేదని నేను లేకుండా పోయానా?”

బయట తమ బండ్ల కోసం కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే టీ గ్లాసులతో తలుపు దగ్గరికి చేరారు. ఢిల్లీలో ఊరికే చూడ్డానికి ఏదైనా దొరికితే జనానికి పనులుండవు.

చక్రం మీంచి కొంచెం తీసి నా అరచేతిలో వేసుకుని రుద్దాను. చేతి వేడికి కరిగి నూనె అయింది. అతని ముక్కు దగ్గర పెట్టాను.

“కొబ్బరి వాసన,” అన్నాడు, ఒప్పుకోక తప్పక. వెంటనే సర్దుకున్నాడు. “ఈరోజుల్లో గ్రీజులో కూడా సెంట్లు కలుపుతున్నారు మేడమ్ జీ.”

ఇంత మాట అనగలిగిన మనిషిని నా క్లాసులో కూర్చోబెడితే ఇంటర్వ్యూలో తిరుగుండదు. నేను చుట్టూ చూశాను. గోడ పక్క ఒక మెకానిక్కు అరచేతిలో ఖైనీ నలుపుకుంటున్నాడు, రెండో చేతిలో సున్నం ట్యూబు.

“భయ్యా, ఆ చూనా ఒకసారి ఇవ్వండి.”

అతను సూపర్‌వైజరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇచ్చేశాడు.

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో మా వైపు ఆడపిల్లలకి ఎవరూ పాఠం చెప్పరు. పెళ్ళికి, పేరంటానికి, కొత్తగా గడప తొక్కే ప్రతి మనిషికీ ఎర్రనీళ్ళు కలిపి హారతి ఇచ్చిన చేతులు ఇవి. “రెండు ప్లేట్లు తెప్పించండి,” అన్నాను. కాగితం ప్లేట్లు వచ్చాయి. “ఒకదాన్లో చక్రం మీది పదార్థం మీరే తీసి వేయండి. నేను తీస్తే నేనేదో కలిపానంటారు. రెండోదాన్లో బయట అమ్ముతారన్నారే, ఆ పచ్చ గ్రీజు వేయండి. ఎక్కడైనా ఉంటుంది మీ దగ్గర.”

ఉంది. షట్టరుకి రాయడానికట. తెచ్చి వేశాడు. రెండూ పక్కపక్కన పెడితే మా అమ్మ కూడా పోల్చుకోలేదు.

రెండిటి మీదా సున్నం పిండి, కాస్త నీళ్ళు చిలకరించి, “మీ పెన్నుతోనే కలపండి,” అన్నాను.

గ్రీజు గ్రీజుగానే ఉంది, మధ్యలో తెల్లచారలతో. చక్రం మీంచి తీసింది కలుపుతుండగానే నారింజ రంగుకి తిరిగి, ఆపైన తాంబూలం వేసుకున్న నోరులా ఎర్రబడింది.  తలుపు దగ్గర డెలివరీ సంచీ భుజాన వేసుకున్న ఒకాయన, “సూపర్‌వైజర్ సాబ్, హల్దీకి సిగ్గేసింది, మీ గ్రీజుకి లేదు,” అన్నాడు. మెకానిక్కు ఖైనీ నోట్లో వేసుకోవడం మర్చిపోయి నవ్వాడు.

“ఇప్పుడు ఆ మూత తీయండి,” అన్నాను. “బయటివాడు గ్రీజు పెడితే లోపల బేరింగ్‌కి పెడతాడు. మూత మీద రాసిపోతాడా?”

తీశారు. మూత కింద పసుపు చుక్క లేదు. కంపెనీ వాళ్ళ ముదురు గ్రీజే, ఎండి అట్టలు కట్టి. దాన్లో బేరింగ్ గుండ్లు తుప్పు పట్టి గరగరలాడుతున్నాయి. ఆ మూత ముందే తీసి చూసి ఉండొచ్చు. చూడలేదు. భాయ్‌సాబ్ ఠీక్ హై అన్న తరవాత చూసేదేముంది.

“కంపెనీకి రాస్తాను మేడమ్ జీ. వారంటీలో అయిపోతుంది,” అన్నాడు సూపర్‌వైజరు, ప్లేటు కింద పెడుతూ.

“రాయండి. దానికి ముందు ఒక ఫోను చేయండి. మొన్న ఎవరికి చేశారో ఆయనకే. నేను వినేలా చేయండి.”

చేశాడు. ఆఫీసు మీటింగులో మాట్లాడే గొంతుతో మా ఆయన హలో అన్నారు.

“సర్, ఆ వెనక బేరింగ్ వారంటీలో మారుస్తున్నాం. బయట ఎవరూ విప్పలేదు. అది గ్రీజు కాదు సర్, హల్దీ.”

“హల్దీయా?”

“అవును సర్. చక్రానికి.”

మా ఆయన గొంతు తగ్గించారు. “ఆవిడ అక్కడున్నారా?”

“ఎదురుగానే ఉన్నారు సర్.”

“అయితే ఠీక్ హై,” అన్నారు మా ఆయన.

కొత్త బేరింగ్ రావడానికి కొంత కాలం పట్టింది. అన్నాళ్ళూ మెట్రోలోనే వెళ్ళాను, ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. బండి తెచ్చుకునే రోజు సూపర్‌వైజరు తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. ఉచితంగా కడిగిస్తామన్నాడు, వద్దన్నాను. అతనిలో ఇంకా కొంచెం కారం మిగిలే ఉంది.

“ఒక మాట అడుగుతాను మేడమ్ జీ. హల్దీ రాస్తే బండికేమీ కాదని కదా మీ నమ్మకం. మరి బేరింగ్ ఎందుకు పోయింది?”

“పసుపు మేం బండికి రాశాం. మీ కంపెనీకి రాయలేదు.”

ఈసారి నవ్వాడు. నవ్వితే మంచివాడిలాగే ఉన్నాడు, అయినా నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

రింగ్ రోడ్డు మీద ఆ మలుపు వచ్చినప్పుడు కావాలనే కాస్త వంచాను. వెనక చక్రం నా వెంటే వచ్చింది. చప్పుడు లేదు, ఉన్నదల్లా రోడ్డు చప్పుడే. ఆఫీసులో ఆ బావమరిదికి బండి లేదని మా ఆయన ఏమని చెప్పారో నేను అడగలేదు. ఆ తరవాత మెట్రో ఊసు మాత్రం మా ఇంట్లో రాలేదు.

క్లాసులో సంగతంతా చెబితే పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు. శ్రీకాకుళం అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. పాఠం అయ్యాక మెట్ల దగ్గర ఆగింది.

“నావల్లే కదా మేడమ్ ఇంత గొడవ. వచ్చే దసరాకి నీళ్ళతోనే కలుపుతాను.”

“నూనెతోనే కలుపు,” అన్నాను, హెల్మెట్ పెట్టుకుంటూ. “ఈసారి ఇంకాస్త దట్టంగా రాయి.”