కొమ్ము పిడి రివాల్వరు

ఎన్నికలు అయిపోయాయి, వచ్చి తీసుకుపొమ్మని పోలీసు స్టేషన్ నుంచి కబురొస్తే నిన్న పోయి, ఎన్నికలకు ముందు అక్కడ అప్పగించిన మా రివాల్వరు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి గుడ్డ విప్పగానే ఇనుము, నూనె, పాత తోలు కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, మా అత్త నాగరత్నమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. చుట్టిన గుడ్డ కూడా ఆమె చీర ముక్కే. చిరిగిన చీరను ఆమె పారేయగా నేనెన్నడూ చూడలేదు. నేనూ పారేయను.

ఆమెను ఎరగనివాళ్లకు చెప్పాలంటే, ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపిన మనిషి. మామ పోయాక గల్లాపెట్టె ముందు ఆమే కూర్చుంది. నేను నాలుగో తరగతితో బడి మానేసి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మిగిలిన చదువంతా ఆమె దగ్గరే. వచ్చిన కొత్తలో ఇద్దరం పాత సామాన్ల అంగడికి ఇత్తడి బిందె కోసం పోయాం. ఒకటి నాకు తెగ నచ్చింది. బరువుంది, సొట్ట లేదు. ఆమె దాని మెడ చుట్టూ వేలితో తడిమి, చెక్కిన అక్షరాలు తగలగానే కింద పెట్టేసింది.

"ఇది వద్దులేవే సరోజా."

"ఎందుకత్తా? చవగ్గా ఇస్తాండాడు కదా."

"దానిమీద ఎవరిదో పేరుండాది. రేపు నువ్వు నీళ్లు మోసుకొస్తాంటే చూసినోళ్లు వాళ్ల బిందె అంటారు. ఎత్తుకొచ్చినావో, అడుక్కొచ్చినావో ఊరందరికీ నువ్వే చెప్పుకుంటా తిరగల్ల."

సొట్ట ఉన్నా పేరు లేని బిందెనే కొని, సొట్ట తీయించింది. అది ఇప్పటికీ మా వంటింట్లో ఉంది.

మా ఆయన శంకరయ్య పెళ్లిళ్ల కాలంలో చీరలు మోటారు సైకిల్‌కు కట్టుకుని ముదిగుబ్బ వైపు పల్లెలకు పోయి అమ్మేవారు. ఒకసారి తిరిగి వస్తుంటే దారిలో ఆపి, తల పగలగొట్టి, ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. రక్తం కట్టిన చొక్కా ఉతికింది నేనే. వ్యాపారం మానుకుంటే ఇల్లు గడవదు. మళ్లీ ఆ దారిన పోతే మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. ఆఫీసుల చుట్టూ తిరగగా తిరగగా రివాల్వరుకు లైసెన్సు వచ్చింది. లైసెన్సు ఆయన పేరిట, దుడ్లు అత్త చేతిలో. ముగ్గురం బస్సెక్కి అనంతపురంలో తుపాకులమ్మే అంగడికి పోయాం.

ఆయన మనసు మ్యాగ్నం అనే రకం రివాల్వరు మీద ఉంది. దెబ్బ గట్టిది, మోత గట్టిదని ఎవరో చెప్పారట. పరదేశపు సరుకు, కొత్తవి దొరకవు, వాడినవే కొనుక్కోవాలి. అంగడాయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే రకం తూటా వేసేవే, రెండూ మరీ పెద్దవీ మరీ చిన్నవీ కాని మధ్యరకం సైజువే. ఒకటి గుంతకల్లులో పనిచేసి రిటైరైన రైల్వే డాక్టరు అమ్ముకున్నది. నల్లరంగు, మామూలు కట్టెపిడి. తూటాలు పెట్టే గుండ్రటి భాగాన్ని పట్టుకుంటే కొంచెం కదులుతోంది. రెండోదానికి తెల్లటి కొమ్ము పిడి, దానిమీద చెక్కిన పులి. అది ఎక్కడా కదలలేదు. ఆపైన దాని ధర కూడా తక్కువ.

"సరుకు చూసి చెప్పమంటే కొమ్ముపిడిదే మేలమ్మా" అన్నాడు అంగడాయన. నిజమే చెప్పాడు. నాకూ అదే నచ్చింది. చొక్కాకు అంటిన రక్తం నా కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదు.

"ఇది ఎవరిదప్పా?" అంది అత్త.

ఆయన నసిగాడు. "ఒక పెద్దాయనదిలేమ్మా. పోయినాడు. వాళ్ల పిల్లోళ్లు అమ్మేసినారు."

అప్పుడే ఒక ముసలి రైతు, శనక్కాయ చేలో పందులను బెదిరించుకునే పాత తుపాకి బాగు చేయించుకోవడానికి లోపలికొచ్చాడు. బల్ల మీద కొమ్ముపిడిని చూసి ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు చేతిలోకి వచ్చింది, రెండు చేతులూ జోడించాడు.

"ఇది మా పెద్దాయనది కదప్పా! ఈడికెట్లొచ్చె?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినావామ్మా! మనిషి లేడు, వస్తువును చూసే దండం పెడతాండాడు. ఇది నడుముకుంటే దారిలో ఎవడన్నా నా జోలికి వస్తాడా?"

అత్త రైతు వైపు తిరిగింది. "ఏమన్నా, ఆ పెద్దాయనంటే గిట్టనోళ్లు కూడా దీన్ని గుర్తుపడతారా?"

"నాకంటే ముందు వాళ్లే గుర్తుపడతారమ్మా" అన్నాడు అతను.

మా ఆయన, "పిడి మార్పిచ్చుకుంటే పోలే?" అన్నారు, గొంతు తగ్గించి.

"మారిస్తే, పెద్దాయన తుపాకి ఫలానా శంకరయ్య దగ్గర దాచిపెట్టినారంట అంటారు. అది ఇంకా చేటు. రేయ్, నిన్ను కొట్టినోళ్లు దుడ్లకోసం కొట్టినారు, తీసుకొని పోయినారు. దీనికోసం వచ్చేటోళ్లు దుడ్లు తీసుకొని పోరు. నాకు చీరలమ్మే కొడుకు కావల్ల. పేరుమోసిన కొడుకొద్దు."

నల్లదాన్ని అంగడాయన ముందుకు జరిపింది. "ఇది కదలకుండా చేసియ్యి. చేసినాక కాల్చి చూపీ. తోలు సంచి నువ్వే ఇయ్యల్ల."

"సంచి వేరేమ్మా."

"అయితే నీ తుపాకీ వేరే పెట్టుకో."

సంచి వచ్చింది. బస్సులో మా ఆయన ధర్మవరం దాకా ముఖం తిప్పుకునే కూర్చున్నారు.

కొమ్ముపిడిని తాడిపత్రిలో బండల వ్యాపారం చేసే ఒకాయన కొన్నాడని తరువాత విన్నాం. మొదట్లో జనం లేచి నిలబడ్డారట. ఆపైన పంచాయితీలకు పిలిచారట. వెళ్లకపోతే ఒక పక్షం, వెళితే ఇంకో పక్షం అలిగాయి. చివరికి క్షవరానికి పోవాలన్నా వెంట ఇద్దరు మనుషులు ఉండాల్సి వచ్చిందట. మా ఆయన మాత్రం నల్లదాన్ని చీరల మూట కింద పెట్టుకుని, తల నెరిసేదాకా ఒంటరిగానే ఆ దారిన తిరిగారు. ఆయన దగ్గర అది ఉన్నట్టు మా వీధిలోనే చాలామందికి తెలియదు. దాన్ని తీయాల్సిన పని ఒక్కసారీ పడలేదు. జబ్బు చేసి, మా అందరి మధ్య, ఇంట్లోనే పోయారు. ఈ మాట రాయగలుగుతున్నాను కాబట్టే అత్త గురించి రాయాలనిపించింది.

ఇప్పుడు లైసెన్సు నా పేరిట ఉంది. ఇంట్లోకి వాడిన వస్తువు ఏది రావాలన్నా, ధర అడగకముందు అది ఎవరి దగ్గరుండేదని అడుగుతాను. మొన్న మనవడు సెకండ్‌హ్యాండ్ జీపు చూసి వచ్చి ఇంజను గురించి గంటసేపు చెప్పాడు. "అదంతా సరే, దాన్ని చూసి ఎవరు లేచి నిలబడతారో కనుక్కొని రాపో" అన్నాను. నవ్వాడు. కానీ పోయి కనుక్కున్నాడు.

నిన్న స్టేషన్‌లో బల్ల నిండా తుపాకులే. కొన్నింటిని చూడగానే, రిజిస్టరు రాసే రైటరు నంబరు చూడకుండానే ఫలానావాళ్లదని పక్కన పెడుతున్నాడు. మాది చేతికొచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పి, తలెత్తి అడిగాడు. "ఇదెవరిదవ్వా?"

"మాదేనప్పా" అన్నాను. అతను రిజిస్టరు తిరగేసి వెతుక్కుంటుంటే, నేను హాయిగా బెంచీ మీద కూర్చున్నాను.