రాజేశానికి నేనిచ్చిన కళ్లద్దాలు

2022 వేసవి. సూరత్‌లోని భేస్తాన్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో కంటి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. మమ్మల్ని ఆప్టోమెట్రిస్ట్‌లు అంటారు. మేము డాక్టర్లం కాదు, ఆపరేషన్లు చేయం. చూపు కొలిచి, ఎవరికి ఏ నంబరు అద్దం కావాలో తేలుస్తాం. అప్పటికి నాకు పదేళ్ల అనుభవం. ఆ పదేళ్లలో పనితనంతో పాటు పొగరు కూడా బాగానే పెరిగిందని ఆ వేసవిలో తెలిసింది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మగ్గాల కార్మికులు. నేనూ ఆ ఇంటి పిల్లనే. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడి ఖాతాల్లో, అంటే మగ్గాల షెడ్లలో, ముప్పై ఏళ్లు పనిచేశాడు.

ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరు తలుపు దగ్గరే చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మనోళ్లేనా బిడ్డా? నా కండ్లు మంచిగున్నయని జర ఒక కాయితం రాసియ్యి."

"చూడకుండ ఎట్ల రాస్త? కాయితం ఎవరడిగిన్రు?"

"ఎవ్వలడగలే. ఖాతలకు పోతే, పోగు తెగింది నీకు కనబడ్తలేదు పో అంటున్నరు. కాయితం చూపిస్తే నమ్ముతరని."

ఆయన పేరు రాజేశం, ఆమె పేరు భూలక్ష్మి. సిరిసిల్లలో ఆయన ఇరవై ఎనిమిదేళ్లు సాంచెలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. పని వారానికి మూడు రోజులకు పడిపోయేసరికి ఇద్దరూ సూరత్ బండెక్కారు. వచ్చి నెలయింది. దూరపు చుట్టాల గదిలో ఒక మూల తలదాచుకుంటున్నారు. ఐదు ఖాతాల్లో ట్రయల్ ఇచ్చాడు. ట్రయల్ అంటే ఒక పూట మగ్గాలు అప్పజెప్పి పనితనం చూడటం. ఇక్కడ నూలు సన్నం, ఒక్క మనిషే ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతూ చూసుకోవాలి. ఐదు చోట్లా సాయంత్రానికి వద్దు పొమ్మన్నారు.

"సోమారం ఇంకోటున్నది. ఆడ పని చూస్కునే మాస్టర్ మనోడే, మాట తీస్కున్న," అన్నాడు రాజేశం.

భూలక్ష్మి ముందుకు జరిగింది. "గా ఒక్క ఖాతనే ఉన్నది బిడ్డా. అది గూడ పోతే ఈయన నన్ను అల్లుని ఇంటికి తోలుతడట. చుట్టాలు గది ఖాళీ చెయ్యమన్నరు. బిడ్డనిచ్చిన ఇంట్ల పోయి కూసుండి ఎట్ల తినాలె?" అంది. 

వయసు అడిగితే నలభై ఐదన్నాడు. భార్య నేల చూపులు చూసింది. దూరపు చూపు భేషుగ్గా ఉంది, గోడ మీది చార్టు ఆఖరి వరస కూడా చెప్పేశాడు. తెలుగు అక్షరాలున్న నియర్ చార్ట్, అంటే చదివే దూరంలో పట్టుకునే అట్ట, చేతికిస్తే మాత్రం తడుముకున్నాడు. నలభై దాటాక కంటిలోని లెన్స్ గట్టిపడి దగ్గరి వస్తువులు మసకబారతాయి. దాన్ని ప్రెస్బయోపియా అంటాం. అందరికీ వచ్చేదే. ఎంత మసకగా ఉందో దాన్ని బట్టి లెక్క చూస్తే ఆయనకు యాభై పైనే. గట్టిగా అడిగితే యాభై రెండని ఒప్పుకున్నాడు.

"నాకు రోగమేం లేదు గద?"

"ఏం లేదు. అద్దాలు పెట్టుకుంటే అయిపోతది."

"అద్దాలా? అద్దాలు పెట్టుకున్నోన్ని ముసలోడంటరు బిడ్డా. గేటు కాడనే ఆపుతరు."

"మరి లోపలికి పోయినంక పెట్టుకో," అన్నాను.

పరీక్ష కోసం ముఖానికి తగిలించే ఫ్రేమ్‌లో ప్లస్ రెండు అద్దాలు వేసి అట్ట మళ్లీ చేతికిచ్చాను. గడగడా చదివాడు. తర్వాత తన అరచేతిని దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అరె, గీ గీతలన్నీ ఉన్నయా!" అని నవ్వాడు. భూలక్ష్మి కూడా నవ్వింది. ఫ్రేమ్ ఎంపిక చేసి, సోమవారంలోపే అద్దాలు చేతికందేలా చూశాను. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఒక సంసారం నిలబెట్టానని ఆ రోజు ఇంటికెళ్లి మావారితో గొప్పలు పోయాను.

ట్రయల్ అయిన మూడో రోజు, గురువారం, రాజేశం ఒక్కడే వచ్చాడు. అద్దాలు చేతిలో ఉన్నాయి.

"నా కండ్లు పోయినట్టే ఉన్నయి బిడ్డా."

అద్దాలు పెట్టుకుంటే మగ్గం మీద పోగులన్నీ అలుక్కుపోయాయట. తీసేస్తే కాస్త నయం, కానీ సన్న పోగు ఆనలేదట. కనిపించేదాకా వంగితే, తల మగ్గంలో పెడతావా అని మాస్టర్ అరిచాడు. ఈలోగా పక్క మగ్గం మీద తెగిన పోగు తెగినట్టే ఉండగా గజాల కొద్దీ బట్ట పాడై దిగింది. మధ్యాహ్నం అన్నం బెల్లుకు ముందే పంపించేశారు.

మళ్లీ పరీక్ష చేశాను. అదే అట్ట, అదే నంబరు. మళ్లీ గడగడా చదివాడు. నాకు చిరాకేసింది.

"నంబరు కరెక్టే ఉన్నది. నువ్వు పెట్టుకోక, తీసి తీసి పెట్టుకున్నట్టున్నవ్. పదిహేను రోజులు అలవాటు పడాలె."

మా వృత్తిలో ఎవరైనా అద్దాలు వెనక్కి తెస్తే మేం అనే మొదటి మాట ఇదే. పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేస్తుంది.  చదువుకున్న పిల్ల చెప్పింది కదా అనుకుని ఉంటాడు రాజేశం. "గంతేనంటవా," అని అద్దాలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం మా అమ్మానాన్నల ఇంట్లో అన్నాలు తింటూ ఈ సంగతి చెప్పాను, కొంత వెటకారంగానే. నాన్న ముద్ద ఆపి అడిగాడు: "ఎంత దూరానికిచ్చినవ్ అద్దాలు?"

"చదివే దూరానికే. ఇంకెంతకిస్తరు?"

నాన్న ఎడమ చెయ్యి ముందుకు పూర్తిగా చాపి, కాస్త ముందుకు వంగాడు. "మగ్గం ముంగట నిలవడితే పోగు గక్కడుంటది. పుస్తకం లెక్క ముక్కు కింద ఉంటదా? చిన్నప్పుడు రోజూ ఖాతలకు టిఫిన్ తెచ్చినవ్, గిది చూడలేదా?"

 ప్లస్ రెండు అద్దంలో జానెడున్నర, రెండు జానల దూరం స్పష్టంగా కనిపిస్తుంది. చెయ్యి చాపినంత దూరానికి అంతా మసకే. దీన్నే వర్కింగ్ డిస్టెన్స్ అంటాం, మనిషి పనిచేసే దూరం. మొదటి ఏడాది పాఠం. ఆయనకు ప్లస్ ఒకటింబావు చాలు. సాంచెలు నడుపుతానని నా ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషికి నేను పేపరు చదువుకునే అద్దాలిచ్చాను. పైగా తప్పు ఆయనదేనన్నాను. ఆ పూట నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సోమవారమే కొత్త అద్దాలు చేయించాను. గదికి వెళ్తే ఖాళీ చేశారన్నారు. భూలక్ష్మి శనివారమే అల్లుడింటికి బండెక్కింది. పోయేటప్పుడు ఆడవాళ్లెవరికీ ముఖం చూపించలేదని చుట్టాలావిడ చెప్పింది. మాస్టర్ నంబరు సంపాదించి ఫోన్ చేసి తప్పు నాదని బతిమాలాను. "మేడం, ఆ జాగల ఆ దినమే ఇంకొకన్ని పెట్టిన. ఆయిన కోసం మాటిచ్చి సేటు దగ్గర నేను పడ్డ తిట్లు నాకు ఎరుక. మల్లొకసారి నాతోని కాదు," అన్నాడు. తెలిసిన మరో రెండు ఖాతాల్లో అడిగాను. వయసు చెప్పగానే ఫోన్ పెట్టేశారు.

రాజేశం కనిపించడానికి మూడు వారాలు పట్టింది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో మూటలు మోస్తున్నాడని ఎవరో చెబితే వెళ్లాను. ఒక మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు. జరిగింది చెప్పి, కొత్త అద్దాలు చేతికిచ్చాను.

పెట్టుకుని, పక్కనున్న మూటలోంచి వేలాడుతున్న ఒక పోగును చెయ్యి చాపి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"కనబడుతున్నది బిడ్డా. మంచిగ కనబడుతున్నది."

"నన్ను తిట్టు," అన్నాను.

"నిన్నెందుకు తిడుత? నాదే తప్పు. ఎంత దూరమో నేను చెప్పాలె గద. నాకు తెల్వలే."

తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఇంతలో పైమెట్ల నుంచి కూలీల మేస్త్రీ ముకద్దం "ఏ కాకా!" అని కేకేశాడు. రాజేశం అటు తిరిగేలోపే అద్దాలు ఊడదీసి నా చేతిలో పెట్టేశాడు.

"ఉంచుకో కాకా."

"వద్దు బిడ్డా. ఇవి పెట్టుకుంటే ఇక్కడ గూడ తీసేస్తరు."

మూట నెత్తికెత్తుకుని మెట్లెక్కాడు. మళ్లీ వెళ్లినప్పుడు ఆయన అక్కడ లేడు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు ఒకటే అడుగుతాను: నీ పని ఎంత దూరంలో ఉంటుందో చేత్తో చూపించు. కుట్టుపనివాళ్లు ఒక దూరం చూపిస్తారు, వంటవాళ్లు ఒకటి, మగ్గం వాళ్లు ఒకటి. టేపు పెట్టి కొలుస్తాను. మొత్తం అరనిమిషం పని. రాజేశం వచ్చిన రోజు నాకు ఆ అరనిమిషం లేకపోలేదు. ఆయన ముఖానికి ఏ ఫ్రేమ్ నప్పుతుందో చూడటానికి అంతకన్నా ఎక్కువసేపే పట్టింది.