లేదన్న మందు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క మాట బరువు. "లేదు" అన్న మాట. అబద్ధమని తెలిసి అనలేదు. నిజమని తెలిసీ అనలేదు. అదే నా తప్పు.

అనకాపల్లిలో మా వీధి చివర నూకాలు ఇల్లు. గుమ్మం పక్కన బిళ్ళగన్నేరు మొక్కలు. వాటి మొదట్లో పడుకునేది ఆమె ఆడకుక్క, పండు. దానికి తోక కింద గడ్డలా కండ పెరిగి రక్తం కారసాగింది. అమ్మవారి మొక్కు తప్పినందుకేనన్నారు వీధివాళ్ళు. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి, ఊరుకుంటానా? అందరినీ నిలబెట్టి వాదించాను. ఇది ఎవరి కోపమూ కాదు, క్యాన్సర్ అన్నాను. అక్కడిదాకా నేను చెప్పింది సరైనదే. వాదం గెలిచాను కూడా.

అప్పుడు నూకాలు అడిగింది.

"అయితే మందుంటాది కదా మాస్టారూ?"

"క్యాన్సర్‌కి మందా, అదీ కుక్కకి! లేదు."

"పిల్లలకేటైనా అంటుకుంటాదేటి?"

"అంటుకోవచ్చు."

పక్కనే ఉన్న ఆమె మరిది నవ్వాడు. "ఇన్నావా వదినా? అమ్మోరైతే ఓ కోడితో సరిపెట్టుకునేది. మాస్టారి సైన్సు కుక్కనే అడుగుతంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు అతను పండుని బండిమీద తీసుకెళ్ళి, మాకవరపాలెం దారిలో చెరకు తోటల దగ్గర వదిలేసి వచ్చాడు. అది తిరిగి రాలేదు.

"తెలియదు, కనుక్కుంటాను" అని ఎందుకనలేకపోయాను? రుజువు లేనిదేదీ నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, నా మాటకు రుజువేదని ఎవరూ అడగరన్న ధీమాతోనే కదా అంత తేలిగ్గా ఆ మాట అనేశాను? నేను ఎవరి మీద పోరాడానో వాళ్ళ ధీమా కూడా ఇదే కాదూ?

నిరుడు ఓ వీధికుక్కకు అదే కండ కనిపించింది. ఈసారి పశువుల డాక్టరు దగ్గరకు ఆటోలో తీసుకెళ్ళాను. వారానికో ఇంజెక్షన్. వెళ్ళిన ప్రతిసారీ కండ కాస్త కుంగేది. చివరికి అక్కడ మామూలు చర్మమే మిగిలింది.

కుక్కల క్యాన్సర్లన్నీ ఇలా లొంగవట. ఇది మాత్రం చాలావరకు లొంగుతుందట. మనుషులకు అంటదు. జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకోదానికి ఆ కణాలే పాకుతాయి. వేల ఏళ్ళ కిందట ఎక్కడో ఒకే ఒక్క కుక్కలో పుట్టిన కణాలవి. ఆ కుక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. దాని ఒంటి తునక మాత్రం మా వీధిదాకా బతికే వచ్చింది! డాక్టరు చేత రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. ఏ పురాణం ఊహించింది ఇంత?

మందు బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందట. ఆకు నమిలితే విషమే. ఎవరెవరో ఏళ్ళ తరబడి ఓపికపట్టి, ఆ విషంలోంచే ప్రాణం నిలిపే మోతాదు తీశారు. దండం పెట్టడం అలవాటులేని నా చేతులకు ఆ చిన్న సీసా ముందు ఏం చెయ్యాలో తోచలేదు.

పండు ఆ మొక్కల మొదట్లోనే పడుకునేది.

మనవలకు జ్వరమొస్తే నూకాలు ఇప్పటికీ నన్నే అడుగుతుంది, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలని. పండుకి మందుండేదని ఆమెకు చెప్పలేదు. రేపు చెబుతానని మాటివ్వను. నా మాట విలువ మీకు తెలిసిపోయిందిగా.

ఆ రోజు నాకు తెలియదు. ఇదిగో, ఆ మాట ఇప్పటికి అన్నాను.