ఒక్క బోరుకు మూడు సోదులు

చెంచమ్మ ఎవరినీ నమ్మదు. నమ్మితే ఆ పని చేయలేదు. సోది చెప్పే మనిషి ఎదుటివాళ్లను నమ్మడం మొదలుపెట్టిందంటే గంప బోర్లించుకుని ఇంట్లో కూర్చోవలసిందే.

ఆమె పుట్టింది ఉదయగిరి కొండ కింద, మెట్టింది ఆత్మకూరు. సోది చెప్పేది మాత్రం ఈ రెండు చోట్లా కాదు. ఎక్కడో తూర్పున, మైపాడు సముద్రం ఒడ్డున. ఆదివారం కోడి కూయగానే లేచి నెల్లూరు బస్సెక్కుతుంది, అక్కడ ఇంకో బస్సు మారుతుంది, ఎండ ముదరకముందే ఇసుకలో గోనెపట్టా పరుస్తుంది. చేట, అందులో దోసెడు బియ్యం, నాలుగు గవ్వలు, పట్టి పట్టి నున్నబడిన వెదురు కర్ర. ఇంతే సరంజామా. ఊళ్లో చెప్పుకోక ఈ తిరుగుడు ఎందుకని అడిగినవాళ్లకు ఒకటే జవాబు.

"ఊళ్లో చెప్తే రేపొచ్చి తలుపు తడతారు, ఏందవ్వా నువ్వు చెప్పింది జరగలేదే అని. సముద్రం కాడికి వచ్చినోడు కాళ్లు తడుపుకుంటాడు, బజ్జీలు తింటాడు, సోది చెప్పించుకుంటాడు, పోతాడు. మళ్లీ అడగను రాడు."

ఈ తెలివి ఊరికే రాలేదు. ఆమె చిన్నతనంలో వింజమూరు దగ్గర ఒక ఆసామి ఎద్దు తప్పిపోతే, తూర్పు దిక్కున దొరుకుతుందని చెంచమ్మ తల్లి సోది చెప్పింది. ఎద్దు పడమట దొరికింది. ఎద్దు దొరికిందన్న సంతోషం లేదు ఆ మహానుభావుడికి. దిక్కు తప్పిందని వెతుక్కుంటూ వచ్చి గంపను కాలితో తన్నిపోయాడు. బియ్యం మట్టిలో ఏరుకుంటూ వాళ్లమ్మ అంది, "మనవైపోళ్లకి చెప్పబాకే పాపా" అని. ఆ మాట చెంచమ్మ ఎన్నడూ దాటలేదు. మెట్టప్రాంతం మనిషిని ఆమె దూరం నుంచే పడుతుంది. సముద్రంలో దిగివచ్చినా మడమ పగుళ్లలో ఎర్రమట్టి పోదు. పైగా ఇసుకను చూసి "ఎంత చల్లంగా ఉండాదో" అంటారు. అలాంటివాళ్లు చెయ్యి చాస్తే, "ఈ రోజు పలకదు తల్లీ, అమ్మవారు సెలవు" అని చేట మీద గుడ్డ కప్పేస్తుంది.

ఆమె చూసేదంతా మనిషినే. కొత్త మెట్టెలా, అరిగిన మెట్టెలా. చెయ్యి చాచేముందు మొగుడి మొహం చూసిందా, అత్త మొహం చూసిందా. "ఇదంతా ఉత్తదే" అని గట్టిగా నవ్వేవాడు ఉన్నాడే, వాడే అందరికంటే ముందు చెయ్యి చాస్తాడు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువంటారు. సోదిలో అది తిరగబడింది. వినేవాళ్లే చెబుతారు, చెప్పే ఆమె వింటుంది. కర్ర అరచేతి మీద ఆనించి కాసేపు ఊరుకుంటే చాలు.

ఈమధ్య ఒడ్డున రోబో ఒకటి వెలిసింది. రేకు మనిషి, గుండె మీద రంగురంగుల బల్బులు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే లోపల ఒక మగగొంతు జాతకం చెబుతుంది. పిల్లలంతా దాని చుట్టే. చెంచమ్మ ఒకసారి పరీక్ష చేద్దామని చెవులకు తగిలించుకుంది. "మీకు త్వరలో వివాహ యోగం కలదు" అంది అది. అరవై దాటిన విధవరాలు హెడ్‌ఫోన్లు తీసి దాని మెడలో వేసి, "ముందు నీ ప్లగ్గు ఊడకుండా చూసుకో నాయనా" అని వచ్చేసింది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం వెంకటేష్ వచ్చాడు. కలిగిరివైపు బోరు బళ్లకు బేరాలు కుదిర్చే ఏజెంటు. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు, పాత మోటారుసైకిలు. వచ్చి గోనెపట్టా అంచున గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి మాత్రం చాచలేదు. సోది మనిషి ముందు కూర్చుని చెయ్యి చాచనివాడు ఏదో పట్టుకుపోవడానికి వచ్చినవాడే.

"నీది ఆత్మకూరు కదా అవ్వా."

"నా ఊరితో నీకేం పని. నీ సంగతి చెప్పు."

"నువ్వు కూర్చునే ఈ చోటుండాదే, అంగళ్లకి బాడుగలు వసూలు చేసేది మా బావ. రోబో వాడు ఇంకొకటి తెస్తాడంట, ఈ చోటే కావాలంట."

"అడగడానికి నోరుంటే సరి. ఇంతకీ నీకేం కావాల?"

వాడు నవ్వి ఇంకొంచెం ముందుకు జరిగాడు. వచ్చే ఆదివారం ఉదయగిరివైపు నుంచి మొగుడూ పెళ్లాలు వస్తారట. పొలంలో ఈశాన్యం మూల బోరేస్తే నీళ్లు పడతాయని సోదిలో చెప్పాలట. అంతే. చెబితే ఆమె చోటు ఆమెకుంటుంది.

"ఉదయగిరిలో చెప్పేవాళ్లు కరువా? దీనికి సముద్రం దాకా తోలకరావాల్నా?"

"దగ్గరోళ్ల మాట ఎవరు నమ్ముతారు అవ్వా. మొహం తెలీనోళ్లు చెప్తే దేవుడు చెప్పినట్టు ఉంటది."

"ఆ మూలలో నీళ్లుండాయా?"

"ఉండాయనే కదా చెప్పేది. టెంకాయ అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నీళ్ల జాడ చూస్తా చేనంతా నడిచినాను. ఆ మూలకి రాంగానే నిలబడింది."

"టెంకాయ నిలబడిందా, నువ్వు నిలబెట్టినావా?"

వెంకటేష్ లేచి చొక్కాకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. "చోటు సంగతి మరిచిపోబాక" అన్నాడు.

చెంచమ్మ ఔననలేదు, కాదనలేదు. వారమంతా వాడి మాటను తిరగేసి మరగేసి చూసింది. తనను బెదిరించడానికి వచ్చాడా, లేక పరీక్ష పెట్టడానికి రోబో వాడే పంపాడా? ఇంట్లో చెప్పుకుందామంటే కొడుకు సంగం ఊళ్లో ఆటో తోలుకుంటూ తిరుగుతాడు, ఉండేది కోడలు ఏంజెలిన్. బాప్టిస్టుల పిల్ల. ఆదివారం అత్త బస్టాండుకు, కోడలు చర్చికి. సోది తప్పని ఆ పిల్ల ఒక్కనాడూ అనలేదు. అలాగని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే నమ్మినట్టవుతుందని భయమో ఏమో. చెంచమ్మకు ఆ మౌనం మీద కూడా అనుమానమే.

చెప్పిన ఆదివారం రానే వచ్చారు. ముందు ఆడమనిషి, పేరు మస్తానమ్మ. మొగుడు పెంచలనరసయ్య చెరుకురసం బండి దగ్గర ఆగాడు. ఆమె గబగబా వచ్చి కూర్చుని, వెనక్కి ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"అవ్వా, నీళ్లు పడవని చెప్పవ్వా. రెండు బోర్లేసినాడు, రెండూ దుమ్మే కక్కినాయి. ఇప్పుడు పాడి గేదెలు రెండూ అమ్మి మూడోది వేస్తానంటాడు. మేం బతికేదే ఆ పాల మీద. నా మాట లెక్కపెట్టడు. నీ మాటైతే వింటాడు."

"నీకు సోది మీద నమ్మకముండాదా?"

"నాకా? నాకెందుకవ్వా అయ్యన్నీ. ఆయనకి ఉండాది."

అంతలో నరసయ్య రసం గ్లాసుతో వచ్చి పెళ్లానికిచ్చాడు. తాగగానే, "పోయి కాళ్లు తడుపుకుని రా మే, ఇంత దూరం వచ్చి అలలు చూడకపోతే ఎట్ట" అని సాగనంపాడు. ఆమె అటు కదిలిందో లేదో, ఈయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎండల సంగతి, బస్సుల సంగతి. ఆత్మకూరు మిరపకాయ బజ్జీ కంటే ఇక్కడి బజ్జీ బాగుందట. చెంచమ్మ కర్ర గోటితో గీకుతూ కూర్చుంది.

"అవ్వా, ఆడోళ్లకి ధైర్యం తక్కువ గదా."

"నాకేమో మొగోళ్లకే తక్కువని తెలుసు. చెప్పు."

"అదే... ఈసారి పడతాయని ఆమెకి ఒక మాట చెప్తే గేదెల్ని విప్పనిస్తాది. ఆమెకి ఇట్టాంటియంటే బో గురి."

"నీకు?"

"నేను చదువుకున్నోణ్ని అవ్వా" అన్నాడు నరసయ్య.

చెంచమ్మకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఏజెంటుకు ఒక సోది కావాలి, పెళ్లానికి ఒకటి, మొగుడికి ఒకటి. ముగ్గురిలో నమ్మినవాడు ఒక్కడూ లేడు. పక్కవాడు నమ్ముతాడని మాత్రం ముగ్గురికీ గట్టి నమ్మకం. ఇన్నేళ్ల పనిలో ఆమె అబద్ధాలు చెప్పలేదని కాదు. బోలెడు చెప్పింది. కానీ అన్నీ తన సొంత అబద్ధాలే. ఒకరు నమిలి ఇచ్చింది తన నోట్లో పెట్టుకోలేదు.

అడ్డం తిరిగి చేట మీద గుడ్డ కప్పేయవచ్చు. మనవైపోళ్లకు చెప్పేది లేదన్న నియమం ఉండనే ఉంది. కానీ ఈమె కప్పేస్తే వెంకటేష్ వాళ్లను ఇంకొకరి దగ్గరికి తోలుకుపోతాడు. గేదెలు సంతకు పోతాయి. మస్తానమ్మ తడికాళ్లతో వచ్చి మొగుడి పక్కన కూర్చునేసరికి చెంచమ్మ చేట ముందుకు జరిపింది. ఆమె ఎడమచెయ్యి బియ్యం మీద పెట్టించి, కర్ర ఆనించి, కళ్లు మూసుకుంది. కొండ మీద స్వామిని, గ్రామదేవతలను, తన అమ్మను తలుచుకుంది. గొంతు మారింది. అది మాత్రం నటన కాదు, కర్ర పట్టుకుంటే ఆమె గొంతు అలాగే మారుతుంది, ఎందుకో ఆమెకూ తెలియదు.

"గంగమ్మ ఉండాది. ఈశాన్యం మూలనే ఉండాది."

నరసయ్య మొహం వెలిగింది. మస్తానమ్మ చెయ్యి బియ్యంలో బిగుసుకుంది.

"ఉండాది, కానీ అలిగి ఉండాది. రెండుసార్లు మీ ఇంటి సొమ్ముతో పొడిచినారు. మూడోతూరి మీ గడప దాటి పైసా పోయిందా, పాతాళానికి దిగిపోతాది. ఆ మూల చూపించినోడు ఒకడుండాడు, తెల్లచొక్కా. వాడి సొమ్ముతో వాడు తవ్వాల. నీళ్లు పడినాక రెట్టింపు ఇయ్యండి, కాళ్లకి దణ్ణం పెట్టండి. అందాకా గేదె పలుపు తాడు విప్పకూడదు."

గేదె మాట వినగానే మొగుడూ పెళ్లాం ఇద్దరూ తలెత్తారు. ఈమెకు గేదెల సంగతి ఎలా తెలిసిందో ఇద్దరికీ తెలుసు. పైకి అంటే చాటుగా చెప్పింది బయటపడుతుంది. ఎవరికి వాళ్లు, ఆ మాట చెప్పింది తామొక్కరే అనుకుని నోరు మూసుకున్నారు. నరసయ్య దక్షిణ చేటలో పెట్టి లేచాడు. పోతూ పోతూ ఆగి వెనక్కి చూశాడు.

"తెల్లచొక్కా అని గూడా చెప్పింది మే" అన్నాడు పెళ్లాంతో, చదువుకున్నవాడు.

ఆ వచ్చే ఆదివారం వెంకటేష్ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

"ఏందవ్వా నువ్వు చేసింది? నన్ను నా సొమ్ముతో తవ్వమంటాడు ఆ నరసయ్య. ఊళ్లో నలుగురి ముందర."

"ఈశాన్యం మూల నీళ్లుండాయని చెప్పమన్నావు, చెప్పినాను. ఒక్క అక్షరం దాచుకోలేదు."

"నా సొమ్ముతో అని ఎవరు చెప్పమన్నారు?"

"నీళ్లుండాయి గదా నాయనా. టెంకాయ నిలబడింది గదా. తవ్వు. రెట్టింపు వస్తాది. నీకేంది భయం?"

వెంకటేష్ ఏదో చెప్పబోయి మానుకుని పోయాడు. కాసేపటికి వాడి బావ మనిషి వచ్చి గోనెపట్టా ఎత్తమన్నాడు. చెంచమ్మ గొడవపడలేదు. గొడవపడితే ఆ చోటు కోసం ప్రాణం పెట్టుకుందని అనుకుంటారు. చేట చంకన పెట్టుకుని, పడవలు ఒడ్డుకు లాగే వైపు, వలలు ఆరబోసే చోటికి పోయి కూర్చుంది. అక్కడ చేపల వాసన. పిల్లాజెల్లాతో షికారు వచ్చినవాళ్లు అంతదూరం నడవరు. సాయంత్రందాకా పలికింది రెండు చేతులు, అవి కూడా పడవలవాళ్లవి.

ఆత్మకూరు చేరి, మర్నాడు వాకిట్లో బియ్యం చెరుగుతూ జరిగింది జరిగినట్టు పైకే అంది. ఏంజెలిన్ తోటకూర తుంచుతూ వింటున్నది. నరసయ్య గేదెలను అమ్మలేదని నిన్న బస్సులో ఉదయగిరి మనిషొకడు చెప్పాడు. బోరు కూడా పడలేదు.

"నిజంగా నీళ్లుండాయా అత్తా అక్కడ?"

కోడలు అడిగిన మొదటి ప్రశ్న అది. చెంచమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నాకేం తెలుసే. భూమి లోపలికి దిగి చూసినానా. ఉండాయని వాడికి నమ్మకముంటే వాడే తవ్వును. తవ్వలేదు. అంటే లేవు. దీనికి సోదెందుకు, ఎవరికైనా తెలుస్తాది."

ఏంజెలిన్ ఇంకో కాడ తుంచి పళ్లెంలో వేసింది.

"నమ్మకముండి, వాడి దగ్గర డబ్బుల్లేకపోతే? ఎవరో బోరు బండి ఓనరు కింద కమీషన్ మీద తిరిగేవాడే గదా అత్తా. మా పిన్ని కొడుకూ ఆ పనే. పెట్రోలుకి మా నాయన్ని అడుగుతాడు."

చెంచమ్మ చెయ్యి ఆగింది. వెంకటేష్ ఏదో చెప్పబోయి మానుకున్న మొహం కళ్ల ముందుకొచ్చింది. ఏజెంటును అనుమానించింది, మొగుణ్ని, పెళ్లాన్ని, రోబో వాణ్ని అనుమానించింది. వాడి జేబు ఖాళీ అని మాత్రం తట్టలేదు. అయితే ఆ ఈశాన్యం మూల కింద ఏముందో? గేదెలు మిగిలాయి, సరే. చేను ఎండిందా, తను ఎండబెట్టిందా?

చేటలోని బియ్యాన్ని ఒకసారి ఎగరేసి, ఊక పోయేదాకా ఊది, కోడలి వైపు చూసింది.

"ఇంతకాలం నోరు తెరవకుండా ఉన్నావే, అప్పుడే బాగుండింది మే" అంది.