ఏలో కాదు, అలో అట

సూరన్నకు కోపం ముక్కు మీదే ఉంటుందని మన చెరకు ద్వీపంలోని కాంప్ ద మాస్క్ ఊరంతా అంటుంది. నిజమే, ఉంటుంది. అది అక్కడికి ఎలా చేరిందో మాత్రం ఎవరూ అడగరు. మనిషిని నిలువునా దోచుకున్నాక వాడు అరిస్తే, దోపిడీ సంగతి వదిలేసి అరుపు గురించి మాట్లాడుకోవడం ఊళ్ళకు అలవాటు. అందుకని ఈ కథ కాస్త గొంతు పెంచే చెప్పాలి.

పగలు అతను చక్కెర మిల్లులో ఫిట్టరు. మిగతా వేళల్లో చేతికి ఏది దొరికితే అది వాయించేవాడు. రామభజనలో మద్దెల, మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో హార్మోనియం, ఆఫ్రికా మూలాల క్రియోల్ వాళ్ళ ఇళ్ళలో సెగా పాటలకు రవాన్ డప్పు, చర్చి విందుల్లో అకార్డియన్. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒకసారి వింటే చాలు, వేళ్ళు వాటంతట అవే దారి వెతుక్కునేవి. భజన కట్టాల్సిన వాడు సెగా వాయించడమేమిటని మనవాళ్ళు సణిగారు. సెగా వాయించేవాడు బొట్టు పెట్టుకోవడమేమిటని అవతలివాళ్ళు నవ్వారు. అతను ఇద్దరి మాటా వినలేదు.

ఎలక్ట్రిక్ గిటారు చేతికి వచ్చాక మాత్రం తక్కినవన్నీ వెనక్కి పోయాయి. అప్పట్లో రేడియోలో ఇంగ్లండు కుర్రాళ్ళ పాటలు కొత్తగా వస్తున్నాయి. టీ తాగి గ్లాసు కడిగేలోపు అయిపోయే పాటలు. గిటారు చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, రాగం మాత్రం తియ్యగా ఉంటుంది, పల్లవి రాగానే మూడు గొంతులు కలుస్తాయి. అలాంటి పాటలు మన ద్వీపంలో, అందరం మాట్లాడుకునే క్రియోల్‌లో ఎందుకు ఉండకూడదని సూరన్నకు పట్టుకుంది. రాయడం మొదలుపెట్టాడు. బస్సు తప్పిపోయినవాడి మీద ఒకటి, మిల్లు కూత మీద ఒకటి. అన్నీ పొట్టివే, అన్నీ హుషారైనవే.

వాటిలో ఒక పాట అతని ప్రాణం. దాని పల్లవి వాళ్ళ మామ్మ వెంకమ్మది. వెంకమ్మ చెరకు తోటల్లో కలుపు తీసే ఆడవాళ్ళ వరసకు ముందు నడిచేది. ఆమె ఒక మాట అంటే వెనక వాళ్ళంతా "ఏలో" అనేవారు.

గట్టు కింద గడ్డి పీకు ఏలో
పొద్దు చూడు కొండ దిగె ఏలో

'ఏ' అని సాగదీస్తూ వంగాలి, 'లో' అనగానే పీకాలి. అంతమంది నడుములూ ఒక్కసారే వంగి ఒక్కసారే లేచేవి. కేరోల్ తుఫాను ఇల్లెత్తుకుపోయిన ఏడాదే వెంకమ్మ పోయింది. ఆమె పోయాక సూరన్నకు మిగిలింది ఆ ఏలో ఒక్కటే. దాన్ని తీసుకుని క్రియోల్‌లో "సొలెయ్ పె కూసె, ఏలో", పొద్దు వాలుతోంది ఏలో, అని పాట కట్టాడు. 'ఏ' సాగినంతసేపూ గిటారు ఊపిరి బిగబడుతుంది. 'లో' దగ్గర డ్రమ్ము, గిటారు కలిసి పడతాయి. అలా పడినప్పుడు వింటున్న మనిషి నడుము దానంతట అదే కదులుతుంది.

మోకా ఊళ్ళో మార్సెల్ అని ఒకడుండేవాడు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. 'లే కార్దినో' అని ఎర్ర పిట్టల పేరుతో ఒక బృందం నడిపేవాడు, ఎర్ర చొక్కాలు కుట్టించాడు. పెద్ద యాంప్లిఫయర్లు అతని దగ్గరే ఉన్నాయి. సూరన్న వాయింపు ఒక పెళ్ళిలో విని వెంటనే పిలిచాడు. సూరన్న అనే పేరు నోరు తిరగదని 'సన్నీ' అన్నాడు. మూడక్షరాల పేరుకు నోరు తిరగని మనిషిని అప్పుడే అనుమానించాల్సింది. కానీ యాంప్లిఫయర్ల ముందు నిలబడిన వాడికి అంత తీరిక ఎక్కడిది?

రికార్డు చేద్దామన్నప్పుడు సూరన్న ఈ పాటే ఇచ్చాడు. గిటారు తనే వాయించాడు. డ్రమ్ములవాడికి ఎక్కడ కొట్టాలో దగ్గరుండి చూపించాడు. పాడే గొంతులు మరో వారం టేపు మీదికి ఎక్కిద్దామన్నారు. ఆ వారానికి చెరకు కోత మొదలైంది. కోత కాలంలో మిల్లు ఫిట్టరు కదిలితే ఉద్యోగం ఊడుతుంది. "నువ్వు రాకపోయినా ఫర్వాలేదు సన్నీ, మేం చూసుకుంటాం" అన్నాడు మార్సెల్. చూసుకున్నాడు.

సూరన్న ఆ పాట మొదటిసారి విన్నది దగ్గరూరు బెల్ ఎయిర్‌లో, చీనా వాళ్ళ కొట్టులో. కిరసనాయిలు కోసం నిలబడి ఉంటే పైన రేడియోలో తన గిటారు మోగింది. తన చేతి దెబ్బ తనకు తెలియదా? పక్కనున్న వాళ్ళకు చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడు పల్లవి వచ్చింది.

"అలో, అలో, మాద్మ్వాజెల్."

టెలిఫోనులో అనే అలో. ఎవడో ఒకడు ఫోను పట్టుకుని ఒక పిల్లను బతిమాలుతున్నాడు. పొద్దు లేదు, గట్టు లేదు, కొండ లేదు. కాంప్ ద మాస్క్‌లో ఆడవాళ్ళు ఫోను ముఖమైనా చూడలేదు. వాళ్ళ ఏలో తీసుకుపోయి ఫోనులో పెట్టారు. పైగా 'అలో' పొట్టి మాట. సాగదు. దాని కోసం గిటారు దెబ్బను ముందుకు జరిపారు, టేపును ఎక్కడో కత్తిరించి అతికించారు. వంగే చోటు పోయింది. పాట మొత్తం నిటారుగా, బొమ్మలా నిలబడింది. అది ఆ కొట్టులో సూరన్న ఒక్కడికే వినిపించింది. మిగతా వాళ్ళు తలలూపుతున్నారు. పాట అయ్యాక రేడియోలో చెప్పారు, మాటలు, సంగీతం మార్సెల్ అని.

సూరన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. కిరసనాయిలు డబ్బా అక్కడే వదిలేసి మోకా బస్సెక్కాడు.

మార్సెల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. సూరన్నను చూసి చేతులు చాపాడు. "విన్నావా సన్నీ? ద్వీపమంతా పాడుతోంది."

"ఏలో ఎక్కడ?" అన్నాడు సూరన్న.

"అదా. నువ్వు సరిగ్గా పలకలేదనుకున్నాం మొదట. మీవాళ్ళకు ఫ్రెంచి మాటలు నోరు తిరగవు కదా, అలో అనబోయి ఏలో అంటున్నావని మా బృందంలో పాడే జీనెట్ అంది. దిద్దాం."

"అది ఫ్రెంచి కాదు. తెలుగు."

"సరే. అర్థం ఏమిటి?"

సూరన్న నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? ఏలో అంటే ఏలో. వంగు అని కాదు, పీకు అని కాదు, రా అని కాదు, పో అని కాదు. తాతల కాలం నుంచి అన్నారు, అర్థం అవసరం పడలేదు.

"చూశావా" అన్నాడు మార్సెల్ మెత్తగా. "అర్థం లేని మాటకు అర్థం ఇచ్చాను. పాట రాయడమంటే అదే. రికార్డు అట్ట మీద నీ పేరు కూడా ఉంది, గిటారు సన్నీ అని."

ఆ మెత్తదనానికే సూరన్నకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినవాడిని తిరిగి తిట్టొచ్చు. దయగా మాట్లాడుతూ జేబు కొట్టేవాడిని ఏం చేస్తాం? ఒంటి మీదున్న బృందం ఎర్ర చొక్కా విప్పి వరండాలో విసిరేసి, బనీనుతోనే బస్సెక్కి ఇంటికి వచ్చాడు. బస్సులో జనం చూసి నవ్వారు. నవ్వుకోనీ.

ఒక్క దారి మిగిలిందనుకున్నాడు. ఆ మాట తెలుగు మాటేనని, మన పొలాల్లోదేనని పరువున్నవాడు ఎవరైనా రేడియో వాళ్ళకు చెబితే వినక చస్తారా? ఊళ్ళో అలాంటి పరువు జగ్గయ్యకు ఉంది. ఆయన భజన పెద్ద, సాయంకాలం బడిలో పిల్లలకు తెలుగు చెప్పేవాడు. సూరన్న ఆయన ఇంటికి వెళ్ళి, గడపలో చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోపిష్టి మనిషి అంతగా తగ్గడం ఊరు అంతకుముందు చూడలేదు.

"జగ్గయ్య మావా, ఏలో మన మాటే కదా. నువ్వు ఒక్క ముక్క చెప్పు వాళ్ళకి."

జగ్గయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది మాట కాదురా సూరన్నా. కూత. కూలోళ్ళ కూత. మన దేవుడి పాటల్లో ఉందా? పిల్లల వాచకంలో ఉందా? రేడియో వాళ్ళ ముందు తెలుగంటే అదీ అని చెప్పమంటావా? సిగ్గు కాదా మనకి?"

"మీ అమ్మ కూడా తోటలో అదే అంది కదా మావా."

"అందుకే నేను చదువుకున్నాను."

సూరన్న ఆ పూటే భజన మానేశాడు. మద్దెల తీసుకెళ్ళి జగ్గయ్య గుమ్మంలో పెట్టి వచ్చాడు. ఒకడు తెలుగు కాబట్టి మాట పనికిరాదన్నాడు, ఇంకొకడు తెలుగు కాదు కాబట్టి పనికిరాదన్నాడు. ఇద్దరూ శుభ్రమైన చొక్కాలు తొడుక్కున్నవాళ్ళే. వీళ్ళిద్దరి మధ్యా వెంకమ్మ నోటి మాట నలిగిపోయింది.

తరువాతి ఏళ్ళలో సూరన్న సొంతంగా పాటలు కట్టాడు, ఒక చిన్న బృందం చేర్చాడు, పెళ్ళిళ్ళలో వాయించాడు. ఎక్కడికి వెళ్ళినా జనం అడిగేది ఒక్కటే. అలో వాయించు. అడిగినవాడి మీద అరిచేవాడు. అరిచినందుకు పెళ్ళిళ్ళకు పిలవడం తగ్గింది. కోపిష్టి అనే పేరు అప్పుడు స్థిరపడింది.

స్వాతంత్ర్యం వస్తోందని ఖాయమయ్యాక, భారత సంతతి వాళ్ళే ఏలబోయే కొత్త దేశంలో తనకు చోటుండదని మార్సెల్ ఆస్ట్రేలియా ఓడ ఎక్కేశాడు. యాంప్లిఫయర్లు అమ్మేశాడు, పాటను మాత్రం వదిలి వెళ్ళాడు. అది అప్పటికే అందరిదీ అయిపోయింది. తన్నడానికి కూడా మనిషి లేకుండా పోయాడని సూరన్న రోజంతా పళ్ళు కొరికాడు.

మార్చిలో జెండా మారే రోజు బెల్ ఎయిర్ బడి మైదానంలో పండుగ పెట్టారు. కార్యక్రమం జగ్గయ్య చేతిలో ఉంది. ఆయనే స్వయంగా సూరన్న ఇంటికి వచ్చాడు. "జనానికి నచ్చే ఆ ఫ్రెంచి పాట ఒకటి వాయించరా. పాతవన్నీ మర్చిపోదాం" అన్నాడు. సూరన్న ఆయన ముఖాన తలుపు వెయ్యబోయి ఆగాడు. మైదానంలో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో గుర్తొచ్చింది. ముసలివాళ్ళు. వెంకమ్మ వెనక వరసలో నడిచినవాళ్ళు. రేడియో చెప్పకపోతే పోయింది, జగ్గయ్య చెప్పకపోతే పోయింది. వాళ్ళ నోట ఆ మాట వస్తే ఇంక ఎవడూ దాన్ని లాక్కోలేడు.

"వాయిస్తాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. నాలుగు రంగుల కాగితపు జెండాలు చేతుల్లో ఊగుతున్నాయి. సూరన్న గిటారు మీద మొదటి దెబ్బ వెయ్యగానే మైదానం ఈలలు వేసింది. ముందు వరసలో బాలమ్మ కనిపించింది. వెంకమ్మ పక్కనే, ఒకే బారులో చాలా ఏళ్ళు కలుపు తీసిన మనిషి. సూరన్న ఆమెనే చూస్తూ పాడాడు. "సొలెయ్ పె కూసె, ఏ..." అని సాగదీసి, జనం కోసం ఆగాడు.

"అలో" అంది మైదానం.

మళ్ళీ పాడాడు. మళ్ళీ అలో. సూరన్న బృందాన్ని ఆపేశాడు. మైకు దగ్గరకు వచ్చి, "అలో కాదు. ఏలో. తెలుగు. మీ అమ్మలు అన్న మాట. చెప్పండి" అని అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. జనం ఇదేదో ఆట అనుకుని, ఇంకా హుషారుగా "అలో" అన్నారు. నవ్వులు, చప్పట్లు. అతను పాటను పాత నడకలోకి లాగి, 'ఏ' ఎంత సాగాలో అంతా సాగదీసి వాయించాడు. వాళ్ళ అలో ప్రతిసారీ ముందే వచ్చి పడిపోయింది. సూరన్నకు తాళం తప్పుతోందని జగ్గయ్య వేదిక కింద నిలబడి, చేతులెత్తి చప్పట్లతో తాళం వేసి చూపించాడు.

పాట సగంలో వదిలేసి సూరన్న కిందికి దిగిపోయాడు. వేదిక వెనక నీళ్ళ కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే బాలమ్మ కర్ర ఊతంగా వచ్చింది.

"మొ పితి, నా బిడ్డా, చాలా బియెన్ పాడినావు" అంది ప్రేమగా, అతని తడి చెయ్యి పట్టుకుని. "ఒక్క మాటే తప్పు పోయింది. అలో అనాల. రేడియోలో రోజూ వస్తది కదా, వినలేదా?"

సూరన్న పళ్ళ బిగువున అన్నాడు. "బాలమ్మత్తా. తోటలో మా మామ్మ ముందు నడుస్తుంటే వెనకాల నువ్వేమనేదానివి?"

"ఏలో అనేదాన్ని."

"మరి?"

బాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఇంత తెలివైనవాడు ఇంత తెలివితక్కువగా అడుగుతున్నాడేమిటన్నట్టు చూసింది.

"అది పాటేటి బాబూ" అంది. "అది పని కదా."