మూడు లైన్ల తర్వాత తాళం

మా భిలాయి తెలుగువాళ్ళ ఈ-మెయిల్ గ్రూపుకి పెద్దదిక్కుని నేనే. ఎవరూ ఎన్నుకోలేదు, నా అంతట నేనే కూర్చున్నాను. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై రెండు మూడేళ్ళయిన రోజులవి. సుపేలాలో కంప్యూటర్ నేర్పే సెంటర్లో నాకు ఉద్యోగం, రోజంతా ఎదురుగా ఇంటర్నెట్టు. పుణెలో, ఢిల్లీలో ఉన్న మనవాళ్ళకి ఇక్కడి కబుర్లు నేను రాస్తేనే తెలిసేవి. నాది పెద్ద నోరని మా అమ్మ తిట్టేది గానీ, గ్రూపు నడపాలంటే ఆ నోరే కావాలి.

ఇక్కడి వార్తలు బాగా రాసే ఇంగ్లీషు పేపరొకటి ఉండేది. నెట్లో మూడు లైన్లు చూపించి మిగతాదానికి తాళం వేసీసేది. చందా కట్టినవాళ్ళకే పూర్తిగా తెరుచుకునేది. గ్రూపులో ఒక ఢిల్లీ అన్నయ్య ఉండేవాడు, వాళ్ళ ఆఫీసుకి ఆ చందా ఉంది. ఆయన వార్త మొత్తం ఎత్తి గ్రూపులో పెట్టీసేవాడు. అది దొంగతనమన్నాను. చదివినవాళ్ళు సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాయండి, బస్, అంతే, అని రూలు పెట్టేను. జనానికి పనికొచ్చే వార్తకి తాళమేటని ఆయన వాదించేడు. మూడోసారి పెట్టగానే ఆయన్ని గ్రూపులోంచి తీసీసేను. ఆ రూలు తప్పంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

నేను చేసిన తప్పు వేరే. స్టీల్ ప్లాంటులో రిటైరైనవాళ్ళకి కంపెనీ క్వార్టర్లు లీజుకివ్వడం గురించి ఒకరోజు వార్త వచ్చింది. లీజు ఇంక పొడిగించకపోవచ్చని ఆ కనిపించే మూడు లైన్లలో ఉంది. మిగతాది ఊహించడం ఎంతపని అనుకున్నాను. లీజు ఆగిపోయింది, రిటైరైనవాళ్ళు ఖాళీ చెయ్యాలి అని ఇంగ్లీషులో టకటకా కొట్టి, అంతా చదివినదాన్లాగే పంపించీసేను.

ఆ శనివారం సెక్టర్ 7లో మా మెట్ల మీద ట్రంకుపెట్టెలు కనిపించాయి. మా పైఇంటి మావయ్యవి. ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు చేసి, రెండు నెలల కిందటే రిటైరయ్యేడు. శ్రీకాకుళం వైపు మనిషే గానీ అక్కడ ఆయనకి ఇల్లూ లేదు, పొలమూ లేదు. అత్తకి గుండెజబ్బు, వైద్యమంతా ఇక్కడే. లీజుకి దరఖాస్తు కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఏటి మావయ్యా ఇదంతా అనడిగితే, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టేడు. క్యాంప్ 1లో వాళ్ళ తెలుగు చర్చి నోటీసుబోర్డు మీద ఉంటే జిరాక్స్ తీయించుకున్నాడట. చూద్దును కదా, అది నా మెయిలే. ఎవరో ప్రింటు తీసి అంటించీసేరు. పంపినవారి చోట గ్రూపు పేరుంది. తేదీ, ఎవరికి, విషయం, అన్నీ పైన వరసగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు సర్క్యులర్లు చదివి తలొంచిన మనిషికి అది సర్క్యులర్ కాక మరేటవుతుంది?

"సోమారం తాళాలు ఇచ్చీస్తానమ్మా. సర్క్యులర్ వచ్చేక మనవేటి చేస్తాం" అన్నాడు.

లోపల అత్త గోడ మీది యేసు పటం దించి పాతచీరలో చుడుతోంది. అది నేను రాసిందేనని చెప్పడానికి నా అంత పెద్ద నోరూ పెగల్లేదు. కిందికొచ్చి ఢిల్లీ అన్నయ్యకి ఫోన్ చేసేను. అదృష్టం, ఆఫీసులోనే ఉన్నాడు. దెప్పుతాడనుకున్నాను. సొంత మాటల్లో చెప్పనా, ఉన్నదున్నట్టు చదవనా అని మాత్రం అడిగేడు. ఉన్నదున్నట్టే చదువన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను అన్నాను. నాలుగో లైన్లోనే ఉంది: ఈ ఏడాది రిటైరైనవాళ్ళు నెలాఖరుదాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు, లీజులు ఆపితే ఆ తర్వాతే.

మళ్ళీ మెట్లెక్కి నిలబడ్డాను.

"ఆ కాగితం రాసింది నేనే మావయ్యా. మూడు లైన్లు చూసి రాసీసేను. నెలాఖరుదాకా దరఖాస్తు పెట్టుకోవచ్చట."

అత్త చెయ్యి ఆగిపోయింది. మావయ్య నా చేతిలోంచి కాగితం తీసుకుని, మళ్ళీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే గ్రూపులో తప్పు ఒప్పుకుని అసలు సంగతి రాసేను, అన్నయ్యని మళ్ళీ చేర్చేను, చర్చికెళ్ళి నోటీసుబోర్డు మీది కాగితం నా చేత్తోనే పీకీసేను.

సోమవారం మావయ్య ఇంటి తాళాలూ, దరఖాస్తూ రెండూ పట్టుకుని బయల్దేరేడు. తోడొస్తానంటే వద్దన్నాడు. ఆఫీసులో అడిగి తెలుసుకుని, దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకునే వచ్చేడు. తర్వాత లీజు కూడా వచ్చింది, పెట్టెలు మళ్ళీ మంచం కిందకి చేరేయి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళు మా పైనే ఉన్నారు. మావయ్య నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఎదురైతే నవ్వుతూ పలకరించేవాడు. నేనేం చెప్పినా శ్రద్ధగా వినేవాడు. రేపు కుళాయి రాదట మావయ్యా అని చెప్పినా సరే, అలాగేనమ్మా అని తలూపి, చెప్పులేసుకుని, తనే వెళ్ళి కనుక్కుని వచ్చేవాడు.