దావీదన్న వెనక్కి తీసిన కప్పు

నిన్న ఎమ్మిగనూరు బస్టాండు పక్కన టీ తాగుతుంటే ఒక పాత జీపు స్టీరింగు మొత్తం తిప్పుకొని వెనక్కి మళ్ళింది. ముందు చక్రం దగ్గర టక్, టక్ మని ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. గ్లాసు నోటిదాకా పోలేదు. నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ముందు యాక్సిల్‌కు మోకాలిచిప్ప లాంటి కీలు ఒకటుంటుంది, మెకానిక్కులు క్రాస్ అంటారు. అది అరిగితే మలుపుల్లో అలా మూలుగుతుంది. ఆ మూలుగును వినడం నాకు నేర్పినవాడు దావీదన్న. ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక రేకుల షెడ్డు అతనిది.

నేను జీపు తోలేవాణ్ణి. నోరు తోలడంలో ఇంకా దిట్టను. ఆదోని కోట మెట్ల మీదుగా జీపును కొండపైకి ఎక్కించానని నేను చెబితే షెడ్డులో అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. దావీదన్న మాత్రం బండి కింద నుంచి తల బయటపెట్టి, "ఏ గేరులో?" అనేవాడు. అంతే, కత అక్కడే కూలిపోయేది. బండికి ఏమైందని ఎవరడిగినా అతనిది ఒకటే మాట. "తెలీదు. తీసి సూడాల." పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క సంతోషమ్మ. ఆమెది పెద్దకడుబూరు దాటినాక నల్లరేగడి చేల నడుమ ఉన్న ఊరు. ఆదివారం ప్రార్థన అయ్యాక అతను అక్కడే అన్నం తినాలి. నేను తీసుకుపోయేవాణ్ణి. నన్ను ఆమె అబద్ధాలప్పా అని పిలిచి, కత బాగుంటే ఇంకో జొన్నరొట్టె వేసేది.

ఒక ఏడు ముసురు పట్టిన రోజుల్లో దావీదన్న నా జీపు ముందు యాక్సిల్ విప్పి, అరిగిన క్రాస్ తీసేసి ఉన్నాడు. మధ్యాహ్నం అక్క ఊరి నుంచి ఫోను వచ్చింది. మేతకు దాచిన వేరుశనగ బుడ్డల కట్టె వామి మీద వాన పడకుండా పట్ట కప్పుతుంటే సంతోషమ్మను పాము కరిచింది. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరూ పత్తి లోడుతో ఆదోని మార్కెట్ యార్డులో చిక్కుకుంది. ఆమెను ఎక్కించిన ఎడ్లబండి పొలిమేరలోనే ఇరుసుదాకా దిగబడింది. అంబులెన్సు తారురోడ్డు దగ్గర ఆగిపోయి ఉంది. ముందు చక్రాల సంగతి వదిలేసి వెనక చక్రాల బలంతో పోదామన్నాను.

"రేగట్లో దిగబడితే ఆడ అక్క, ఈడ మనం. ఎవురొచ్చి లాగుతారప్పా?" అని కొత్త క్రాస్ చేతికి తీసుకున్నాడు.

దానికి నాలుగు కొనలు, నాలుగు కప్పులు. ఒక్కో కప్పు లోపల సూదుల్లాంటి సన్నని ఇనుప పుల్లలు గోడకు ఆనుకొని వరసగా నిలబడాలి. మూడు కప్పులు కూర్చున్నాయి. నాలుగోది వెంట్రుకవాసి దూరంలో ఆగింది, లాకు రింగు గాడిలో పడలేదు. లోపల ఎక్కడో ఒక పుల్ల పడిపోయిందన్నమాట. నేను సుత్తి అందించి, కొట్టన్నా, దిగిపోతాది అన్నాను. ఫోను మళ్ళీ మోగింది. అతను సుత్తినీ ముట్టుకోలేదు, ఫోనునూ ముట్టుకోలేదు. కప్పు వెనక్కి తీసి, పుల్లలన్నీ కడిగి, గ్రీజు పూసి ఒక్కొక్కదాన్నీ తిరిగి నిలబెట్టాడు. తొందర ఎరగని ఆ చేతుల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

జీపు మాత్రం రేగట్లో ఎక్కడా పట్టు వదల్లేదు. ఎడ్లు మోకాళ్ళ మీద పడిన చోటు కూడా దాటింది. సంతోషమ్మను వెనక సీటులో తమ్ముడి ఒడిలో పడుకోబెట్టాం. రెప్పలు వాలిపోతున్నాయి, నాలుక మందమైంది. అయినా, "అబద్ధాలప్పా... ఏదన్నా సెప్పప్పా" అంది. నాకు కోట మెట్ల కతే నోటికొచ్చింది. జీపు సగం మెట్లు ఎక్కింది. మలుపు దగ్గర ఒక మేక అడ్డంగా నిలబడింది. అప్పుడు వెనక నుంచి దావీదన్న, "సాలప్పా. ఆపెయ్" అన్నాడు. తారురోడ్డు కనబడుతూనే ఉంది. అక్కడ ఎక్కేందుకు స్టీరింగు మొత్తం తిప్పాను. ముందు చక్రం చప్పుడు చేయలేదు.

తర్వాత ఆదోనిలో రెండు రకాల మాటలు లేచాయి. వాని చాదస్తమే అక్కను మింగిందని కొందరు, ఆమె రాత అంతేనని కొందరు. వినలేక ఒకరోజు షెడ్డుకు పోయాను. అన్నా, ఆస్పత్రిలో కనుక్కున్నాను, ఇంకాస్త ముందు తెచ్చినా బతికేది కాదంట అన్నాను.

అతను చేతిలోని పనిమీంచి చూపు తిప్పలేదు. "ఏ డాక్టరు?" అన్నాడు.

నేను కింద పడున్న పానా తీసుకొని తుడవబోయాను.

"నీ కతలంటే నాకిష్టమేప్పా. అక్కకీ ఇష్టమే. దీన్ని మాత్రం కత సెయ్యొద్దు."

"మరి ఆ పొద్దు సుత్తితో కొట్టింటే టయానికి అందుతాంటిమా అన్నా?"

"తెలీదు" అన్నాడు. ఆ మాట వెంట ఎప్పుడూ వచ్చే రెండో మాట కోసం చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. పోయిన ఏడు అతను పోయేదాకా కూడా రాలేదు.

నిన్నటి జీపు డ్రైవరు టీ కోసం దిగి, ఈ చప్పుడుతో కోడుమూరు దాకా పోవచ్చా అన్నా అని అడిగాడు. తీసి చూడాలప్పా అన్నాను. సరేనని పక్కన కూర్చొని, నీ కోట మెట్ల కత ఊరంతా చెప్పుకుంటారు, నాకూ చెప్పమన్నాడు. చెప్పాను. గేరుతో సహా చెప్పాను. మేక అడ్డం నిలబడిన మలుపు దగ్గర ఆపేశాను. ఎవరికి చెప్పినా అక్కడే ఆపుతాను.

"మరి జీపు పైకెక్కిందా అన్నా?"

"తెలీదు" అన్నాను.